తారాబాయి పట్టిన త్రాసు

పురాణకాలక్షేపము ముగిసి యింటికి వచ్చునపుడును, నాటకము చూచి తిరిగి వచ్చునపుడును, కథల పుస్తకమును మూసి ప్రక్కన పెట్టునపుడును ఆఁడువారు తమలోఁ దా మొక మాట యనుకొందురు. కథ వ్రాసినవాఁడు మగవాఁడు కనుకనే తప్పంతయు ఆమెపై మోపినాఁడని ఒకతె యనును. ఆమె యతని వెంట అడవికిఁ బోయినది సరే, ఆమెకొఱకు అతఁడు పోయిన చోటేదని మఱియొకతె యడుగును. ఈ మాటలు కథలంత ప్రాచీనములు. కాని తాళపత్రములలో నెందును గానరావు. కావ్యములోని ప్రతి యక్షరమునకును వ్యాఖ్య వ్రాసిన పండితులు, ఆ కావ్యమును విన్న ఇంటి యిల్లాలు ఏమనుకొన్నదో వ్రాసిపెట్టలేదు. అందువలన మన వాఙ్మయ చరిత్రము సగము మాత్రమే చరిత్రము. చెప్పినవారి మాట మిగిలినది. విన్నవారి మాట పొయ్యి పొగతోఁ గలిసిపోయినది.

అట్లు పొగలోఁ గలియక అచ్చుకెక్కిన మాట యొకటి 1882వ సంవత్సరమున పుణేలో వెలువడినది. శ్రీశివాజీ ముద్రాక్షరశాలలో అచ్చుపడిన ఆ చిన్న మరాఠీ పుస్తకము పేరు 'స్త్రీపురుష తులన'. వేసినవి 500 ప్రతులు. వెల తొమ్మిది అణాలు. వ్రాసినది తారాబాయి శిందే యను ముప్పదిరెండేండ్ల గృహిణి. ఆమె వ్రాసి ప్రకటించిన పుస్తకములలో మనకు దక్కినది ఇదియొక్కటియే.

ఆమె పుట్టిన యూరు బేరారు దేశములోని బుల్‌ఢాణా. ఆ దేశమునకును మనకును చరిత్రసంబంధమైన చుట్టఱిక మున్నది. బేరారు నిజాము ప్రభువుల రాజ్యభాగము. 1853వ సంవత్సరపు ఒడంబడికచే నది తూర్పిండియా కంపెనీవారి పాలనకు అప్పగింపఁబడి, 'హైదరాబాదు అప్పగింత జిల్లాలు' అను పేరఁ జిరకాలము నడచినది. అనఁగా తారాబాయి ఈ పుస్తకము వ్రాయు నాఁటికి, పాలన యెవరిదైనను, ఆ యూరిపై పేరునకు హక్కుదారుఁడు మన హైదరాబాదు ప్రభువే. తండ్రి బాపూజీ హరి శిందే రెవిన్యూశాఖ కచ్చేరీలో హెడ్డు గుమాస్తా; జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజములోనివాఁడు. ఆ ప్రాంతమున బాలికల పాఠశాల లేని దినములలో ఆయన కూఁతునకు ఇంటనే మరాఠీ, సంస్కృతము, ఇంగ్లీషు నేర్పించెను. పిమ్మట ఆమెకు వివాహము చేసి అల్లుని ఇల్లఱికము తెచ్చుకొనెను. ఆ దంపతులకు సంతానము లేదు. ఉన్నతకుటుంబములలోని మరాఠా స్త్రీలు గడప దాఁటి బయటికి వచ్చుట యరుదైన దినము లవి. ఆమె తన పీఠికలో తా నట్టి యింటిలోని దాననే యనియు, ఇది తన తొలి ప్రయత్నమనియు చెప్పుకొన్నది.

ఆమె చేత కలము పట్టించిన సంగతి సూరతులో జరిగినది. 1881లో విజయలక్ష్మి యను బ్రాహ్మణ బాలవితంతువు, తనకుఁ బుట్టిన శిశువును చంపినదను నేరముపై అచటి న్యాయస్థానమున మరణశిక్ష పొందెను. పిమ్మట నా శిక్ష ద్వీపాంతరవాసముగా మార్పఁబడినది. ఈ యభియోగమును గుఱించి దేశమంతట పత్రికలు వ్రాసినవి. పుణే నుండి వెలువడుచుండిన 'పుణేవైభవ' మను పూర్వాచారపరుల పత్రిక, ఈ యొక్క వితంతువు కథను పట్టుకొని స్త్రీజాతి నడవడియంతయు చెడినదని వ్రాసెను. తారాబాయి పుస్తకము ఈ వ్రాఁతకుఁ బుట్టిన సమాధానము.

ఇచట కొన్ని సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. వితంతు వివాహమును చట్టసమ్మతముగాఁ జేసిన శాసనము 1856లో వచ్చినది. అప్పటికి విజయలక్ష్మి శిక్షకు ఇరువదియైదేండ్ల దూరమున్నది. దిక్కులేని వితంతువులు రహస్యముగాఁ బ్రసవించి బిడ్డలను బ్రదికించుకొనుటకై ఫూలే దంపతులు పుణేలో శిశుహత్యానివారణ గృహమును తెఱచినది 1863లో. అప్పటికి పదునెనిమిదేండ్ల దూరమున్నది. చట్టమున్నది; ఒక యూర నొక యిల్లున్నది; కాని సూరతు ప్రాంతమునందలి యొక వితంతువు గడపనుండి ఆ చట్టమునకుఁ గాని, ఆ యింటికిఁ గాని పోవు దారి లేదు. పోవుటకు వలసినది ధైర్యము కాదు, తోడు. ఆమె కడుపున బిడ్డకుఁ గారణమైనవాని పేరు న్యాయస్థానమునకు అక్కఱలేకపోయినది. పత్రికలకును అక్కఱలేకపోయినది. తారాబాయి యడిగినది ముఖ్యముగా నీ ప్రశ్నయే: నేర మిరువురిది కాఁగా శిక్షయు అపకీర్తియు ఒకరివే యెట్లయినవి?

పుస్తకము యొక్క పూర్తిపేరులో 'సాహసి' యను మాట యున్నది. స్త్రీపురుషులలో నిజముగా సాహసి యెవరో స్పష్టపఱచుటకై వ్రాసిన నిబంధమని దాని యర్థము. తెలుఁగు చదువరికి ఈ మాట వింతగాఁ దోఁపవచ్చును. సాహసమన్న మనకు శౌర్యము, మెచ్చుకోలు. కాని సంస్కృత ధర్మశాస్త్రములలో సాహసమనఁగా బలాత్కారముతోఁ గూడిన నేరము, దండింపఁదగిన పని. నీతిశ్లోకములలో స్త్రీకి సహజములని చెప్పిన దోషములలో సాహస మొకటి. ఒకే పదము మగవాని ప్రక్కన నిలిచినప్పుడు బిరుదగుచున్నది, ఆఁడుదాని ప్రక్కన నిలిచినప్పుడు నిందయగుచున్నది. నిఘంటువులో రెండర్థములు నుండుట తప్పు కాదు. ఏ యర్థ మెవరి పాలఁ బడునో ముందే నిర్ణయమై యుండుట తప్పు. తారాబాయి శబ్దశాస్త్రము చదివినదో లేదో కాని, ఈ మర్మమును గనిపెట్టినది. తన పుస్తకమునకు ఆ మాటనే శీర్షమునఁ బెట్టి, దీనిని తూఁచి చూతము రండని మగవారిని పిలిచినది.

తూనికకు ఆమె యెత్తుకొన్న రాళ్లు మన పాఠశాలలలో నిన్నమొన్నటి దాఁక వల్లె వేయించినవే. భర్తృహరి శృంగారశతకములో స్త్రీనిందాశ్లోక మొకటి కలదు. స్త్రీ సందేహములకు నెలవనియు, అవినయమునకు ఇల్లనియు, కపటములకు పుట్టయనియు ఇట్లు దోషముల నొకదాని తరువాత నొకటిగా నందు లెక్కించిరి. సుభాషితములను తెలుఁగున చదివిన మన పెద్దలకు ఇది పరిచితమే. పండితులు దీనిని అలంకారసౌందర్యమునకై యుదాహరింతురు. ఇంటిలో మగవారు కోపము వచ్చినప్పుడు ప్రమాణముగాఁ జెప్పుదురు. తారాబాయి ఈ పట్టికను ముందుంచుకొని ప్రతి దోషమును విడివిడిగా మగవానితోఁ బోల్చి పరీక్షించినది. సందేహము స్త్రీకే సహజమా? భార్య కిటికీ దగ్గఱ నిలిచిన సందేహించువాఁ డెవఁడు? కపట మామెదేనా? లంచములు పుచ్చుకొనువాఁడు, కూటసాక్ష్యము పలుకువాఁడు, దొంగపత్రములు పుట్టించువాఁడు ఎవఁడు? చెఱసాలలలో నిండియున్నవా రే జాతివారు? ఆమె వాదపద్ధతి ఇట్టిది. సిద్ధాంతముతో సిద్ధాంతమును ఢీకొట్టదు; శ్లోకమును బజారునకుఁ దీసికొనిపోయి, ఇందుఁ జెప్పిన దోషము లెవరియం దెక్కువగాఁ గనఁబడుచున్నవో చూడుఁడనును.

మన తెలుఁగు ఆఁడువారు ఇంటిలోఁ జేయు వాదము సరిగా నిట్టిదే. వారు ప్రమాణగ్రంథము నుదాహరింపరు. ప్రక్కింటి సంగతి నుదాహరింతురు. దీనిని తర్కము కాదని నవ్వువారు, ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిదని న్యాయశాస్త్రమే చెప్పినదని మఱతురు.

ఆమె తరువాతఁ బట్టుకొన్నది ఆ కాలపు జనరంజక వాఙ్మయమును. అప్పటికి మరాఠీ దేశమున అచ్చుయంత్రములు వ్యాపించి, కథలును నవలలును నాటకములును మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చుచుండెను. లక్ష్మణ మోరేశ్వర హళబే వ్రాసిన 'ముక్తామాల' 1861లోను, నారో సదాశివ రిసబూడు వ్రాసిన 'మంజుఘోష' 1868లోను వెలువడి విశేషముగాఁ జదువఁబడినవి. వీనికిఁ దోడు స్త్రీల జిత్తులను వర్ణించు 'స్త్రీచరిత్ర' వంటి కథాసంపుటములు చేతులు మాఱుచుండెను. తారాబాయి వీనిని చదివినది; చదివి యూరకుండలేదు. వీనియందు ఆఁడుదానిని చూపిన తీరును పేరెత్తి విమర్శించినది. ఎక్కడనో యొకతె చేసిన కుత్సితమును వెదకి తెచ్చి పుస్తకము చేయువారు, దినదినము కన్నుల యెదుట జరుగు మగవారి కుత్సితములను పుస్తకము చేయరేమని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న మనలను గూడఁ దాఁకును. స్త్రీల జారత్వమును, దానిని కప్పిపుచ్చుకొను నేర్పును కథలుగా నల్లిన ప్రబంధములు మనకును గలవు. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి', అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' ఆ కోవలోనివి. వీనిలోని జాతీయముల సంపద, వృత్తులవారి మాటల పొందిక, పల్లెటి జీవితపు వర్ణనము ఎంతయు మెచ్చఁదగినవి. తెలుఁగు నిఘంటుకారునకు నవి గనులు. ఐనను ఒకటి గమనింపుఁడు. ఆ కథలలో భర్తను వంచించు స్త్రీ యొంటరిగా వంచించుట లేదు. ప్రతి కథలోను ఆమె కొఱకు గోడ దూఁకినవాఁ డొకఁడు కలఁడు. కథ ముగిసినపిదప నింద మాత్ర మామెతో మిగులును. గోడ దూఁకినవాఁడు రసికుఁ డను పేరుతో వెడలిపోవును. ఈ పుస్తకములను కాల్చుమని యెవ్వరు ననరు. చదువునప్పుడు ఆ గోడవైపు కూడ నొకసారి చూడవలెనన్నదే తారాబాయి చెప్పు పాఠము.

పురాణకథలను గూడ నామె విడువలేదు. భక్తి లేక కాదు. విన్నదానిని తలఁచి చూచు నలవాటు వలన. సావిత్రి భర్త ప్రాణములకై యముని వెంట నడచినది. ఈ కథను చెప్పి ఆఁడుపిల్లలకు వ్రతములు నేర్పుదురు. మంచిదే, కాని భార్య ప్రాణములకై యముని కొలువునకుఁ గాదు గదా, ఆ దారిని నాలుగడుగులైన నడచిన మగవాఁడు పురాణములలో నెవఁడైనఁ గలఁడా యని తారాబాయి యడిగినది. కుంతి, సత్యవతి మున్నగువారి కథలను నెత్తుకొని, వివాహమునకుఁ బూర్వమే సంతానము గన్న ఆ స్త్రీలను పూజించు జాతి, నేఁటి యొక వితంతువును ఉరికంబ మెక్కింపఁ జూచుట యే న్యాయమని ప్రశ్నించినది. భర్త దేవుఁడని భార్య నమ్మవలెనన్న, దేవుని వలె నడచుకొనవలసిన భారము భర్తపై లేదా? పతివ్రతాధర్మము గుఱించి ఆమె చెప్పినదాని సారమిది. ధర్మమును గాదనలేదు, ధర్మమునకు రెండవ ప్రక్క ఏదని యడిగినది.

వితంతువుల గుఱించి వ్రాసిన భాగమున ఆమె వాక్యములు వేఁడి యెక్కును. భార్య పోయిన మగవాఁడు పది దినములు గడవకమునుపే మఱియొక పిల్లను తెచ్చుకొనును. భర్త పోయిన స్త్రీకి తలవెండ్రుకలు, కుంకుమ, నగలు, మంచి చీర, శుభకార్యములలో నిలుచు చోటు సమస్తము నా దినముననే పోవును. ప్రాణము పోఁగొట్టుకొనుటలో తప్పు చచ్చినవానిదైన నగును గాని, బ్రదికియున్నదానిది ఎట్లగును? భర్త చావు భార్య పాపఫలమైనచో భార్య చావు భర్త పాపఫలము కావలెను గదా! అట్లైన భార్య చనిపోయిన మగవాఁడును గడ్డము మీసములు గొఱిగించుకొని, మొగము దాఁచుకొని, శేషజీవితము అరణ్యములలోఁ గడుపవలెనని యామె చమత్కరించినది. చదువరి మొదట నవ్వును. పిమ్మట ఈ చిత్రమునఁ దన తండ్రినో, అన్ననో, తన్నో నిలిపి చూచుకొనును. అప్పుడు నవ్వు నిలువదు. ఏ శిక్ష మగవానికి చెప్పినప్పుడు హాస్యమైనదో, ఆ శిక్షయే ఆఁడుదానికి వేల సంవత్సరములుగా ఆచారమై యుండెనని తెలియును.

స్త్రీలు దారి తప్పుటకుఁ గారణములను వెదకుచు ఆమె వివాహపద్ధతిని తప్పుపట్టినది. ధనమునకాశపడి పది పదునొకండేండ్ల పిల్లను పండ్లూడిన ముదుసలికిఁ గట్టిపెట్టుదురు. కొలఁది కాలమునకు వాఁడు పోవును. ఆపైన ఆ పిల్ల నడవడికి కాపలా కాయుదురు. ఈ మాట విన్నంతనే మనకు గురజాడవారి 'కన్యాశుల్కము' స్మరణకు వచ్చును. ఆ నాటకము విజయనగరమున మొదట నాడఁబడినది 1892లో; అచ్చుపడినది 1897లో. బుల్‌ఢాణా గృహిణి పుస్తకము దానికిఁ బదేండ్లు ముందరిది. ఇరువురును ఒకరి నొకరు ఎఱుఁగరు. ఎఱుఁగకయే ఒకే పుండుపై వ్రేలు పెట్టిరన్నచో, ఆ పుండు దేశమంతటి శరీరముపై నుండెనని గ్రహింపవలెను.

వేషముగూర్చి యామె చెప్పినది మఱింత రసవంతము. ఇంగ్లీషువారి బూట్లు, మేజోళ్లు, టోపీలు తొడిగికొని, వారి పానీయములు త్రాగి, పూర్వాచారమును తా మన్ని విధముల విడిచిన మగవారు, ఇంటిలోని ఆఁడుది మాత్రము అరవ్రేలైనను కదలక పూర్వధర్మమును నిలుపవలెనందురు. అనఁగా మగవానికి కాలము నడచును, ఆఁడుదానికి నిలిచిపోవలెను. దేశము మాఱిన దని చెప్పుకొనుటకు మగవాని దుస్తులు సాక్ష్యము, మాఱలేదని చెప్పుకొనుటకు ఆఁడుదాని దుస్తులు సాక్ష్యము. నూటనలువది యేండ్లు గడచినను ఈ మాట పాతఁబడలేదు. పెండ్లిపందిళ్లలో సూటు తొడిగిన వరుఁడు, పట్టుచీరతో నగల బరువు మోయుచున్న వధువు ప్రక్కప్రక్కన కూర్చుండుటను మన మింకను జూచుచున్నాము. వధువున కది యిష్టమైన మేలే. ఆమె యిష్ట మెవరైన నడిగిరా యన్నదే ప్రశ్న.

ఇంతవఱకు పూర్వాచారపరులే దెబ్బలు తినిరి. సంస్కర్తలు సంతోషించుచుండఁగా ఆమె వారివైపు తిరిగినది. శాలువలు కప్పుకొని, జరీ తలపాగలు చుట్టుకొని సభలకుఁ బోవుదురు. బండ్లకొలఁది తమలపాకులు, బస్తాలకొలఁది వక్కలు ఖర్చగును. పన్నీరు కుండపోఁతగాఁ గురియును. వితంతువుల దుఃఖము గుఱించి యుపన్యాసములు జరుగును. ఇంటికి వచ్చి నిద్రపోవుదురు. ముప్పదియేండ్లకుఁ బైగా సభలు నడచుచున్నను ఫలమేమని యడిగి, వానిని మేఁకమెడ చన్నులతోఁ బోల్చినది. 'అజాగళస్తనము' అను మన సంస్కృత న్యాయమే యిది. పండితులు పుస్తకములలో వాడుకొనుచుండిన ఉపమానమును ఆమె సభాపతుల మెడకుఁ గట్టినది. వితంతూద్ధరణమునుగూర్చి గంభీరోపన్యాసములు చేయు మన గిరీశమును చూచి మనము నవ్వుదుము. ఆ గిరీశము పుట్టకపూర్వమే వానిని గుర్తుపట్టిన స్త్రీ యొకతె బేరారులో నుండెను.

ఐనను సంస్కర్త లందఱు మేఁకమెడ చన్నులు కారు. సరిగా విజయలక్ష్మి యభియోగము నడచిన 1881వ సంవత్సరముననే, డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. రాజ్యలక్ష్మమ్మగారు ఆయనకుఁ దోడుగా నిలిచిరి. వంటవారు, నీళ్లవారు మానివేసినప్పుడు ఆమెయే నీళ్లు మోసి వండిపెట్టినదని మన మెఱుఁగుదుము. సభకును, ఆ వంటయింటికిని గల యంతరమే తారాబాయి వెదకిన యంతరము. ఒక సంస్కరణము నిజమా కాదా యని తెలిసికొనుటకు తీర్మానములను చదువనక్కఱలేదు. దాని బరువు ఏ యింటి భుజముపై పడినదో చూచిన చాలును.

ఆ దినములలో స్త్రీల మేలుకోరి వ్రాసిన పుస్తకములు చాలఁ గలవు. పండితా రమాబాయి పుణేలో ఆర్యమహిళాసమాజమును స్థాపించి, 'స్త్రీధర్మనీతి'ని ప్రకటించినది ఈ 1882లోనే. వీరేశలింగముగారు స్త్రీలకై 'సతీహితబోధిని' పత్రికను 1883లో ప్రారంభించిరి. ఇవి గొప్ప కార్యములు. వీనివలన స్త్రీలకు అక్షరము దక్కినది. కాని వీని ముఖము స్త్రీవైపే. నీ విట్లుండవలెను, ఇట్లు చదువుకొనవలెను, ఇల్లిట్లు దిద్దుకొనవలెనని యవి చెప్పును. తారాబాయి పుస్తకము ముఖము మగవానివైపు. ఆమె స్త్రీలకు బోధింపలేదు, మగవారిని సంబోధించినది. స్త్రీ వ్రాసిన పుస్తకమునకు పురుషుఁడు శిష్యస్థానమున కూర్చుండుట ఆ నాఁడు వింత. బహుశః ఈ కారణముననే అది దూరముగా నుంచఁబడినది.

దూరముగా నుంచిన సంగతి యిట్లు. ఫూలే ఆమెను 'చిరంజీవిని' యని కూఁతువలె సంబోధించి, 1885లో తన 'సత్సార్' రెండవ సంచికలో ఆ పుస్తకమును ప్రశంసించి తనవారిని చదువుమనెను. తరువాత నిశ్శబ్దము. ఆమె మఱి యేమియుఁ బ్రకటించినట్లు కానరాదు. 1910 ప్రాంతమున దివంగతురాలైనది. 1975లో స. గం. మాలశే యను మరాఠీ పండితుఁడు ఒక ప్రతిని సంపాదించి మరల నచ్చు వేయించువఱకు తొంబదిమూఁడేండ్లు ఆ గ్రంథము లోకమునకు లేనట్లేయైనది. 1991లో సూసీ తారు, కె. లలిత హైదరాబాదు నుండి సంకలనము చేసిన భారతస్త్రీవాఙ్మయ సంపుటములో దానిలోని భాగము ఇంగ్లీషునఁ జేరినది. 1994లో రోజలిండ్ ఓహాన్లన్ సంపూర్ణముగా ననువదించి, విపులమైన పీఠికతోఁ బ్రకటించినది. పుస్తకమును ఎవ్వరును నిషేధింపలేదు, కాల్పలేదు. సమాధానము చెప్పలేదు, అంతియే. ఒక వాదమును చంపుటకు ఖండన మక్కఱలేదు, ఉపేక్ష చాలును. స్త్రీల మాటలు మన యిండ్లలో నిట్లే చచ్చుచున్నవి. భోజనపు పీఁటమీఁద ఆమె యొక మాట యనును, అందఱును వినిరి, పెరుగు వడ్డింపు మనిరి.

తారాబాయి రచనకు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. వాదము క్రమము తప్పును; చెప్పినదే మరల వచ్చును; కోపము కొన్నియెడల న్యాయమును మీఱును. మగవారిలోని మంచివారికి ఆమె త్రాసులోఁ జోటు తక్కువ. ఆంగ్లప్రభుత్వము స్త్రీవిద్యకుఁ దోడ్పడినదన్న కృతజ్ఞతలో, ఆ ప్రభుత్వము దేశమునకుఁ జేసిన కీడు మఱుఁగుపడును. ఇవన్నియు నిజమే. కాని క్రమబద్ధముగా, శాంతముగా వ్రాయుటకు తీఱిక కావలెను, గది కావలెను, వినువారున్నారను నమ్మకము కావలెను. ఈ మూఁడును లేనిదాని రచనలో క్రమమును మాత్రమే వెదకు విమర్శకుఁడు, వానలోఁ దడిసి వచ్చినదాని చీర ముడుతలను లెక్కించువానివంటివాఁడు.

మన తెలుఁగునాట ఆమెకుఁ బోలికగాఁ జెప్పఁదగినవారు భండారు అచ్చమాంబగారు. 1882 నాఁటికి ఆమె యెనిమిదేండ్ల బాలిక. భర్త యుద్యోగముననుసరించి మధ్యరాష్ట్రములలో నివసించి, తమ్ముఁడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ప్రోత్సాహముతో నింటనే చదువుకొన్నది. స్త్రీలు బుద్ధిహీనలనియు, చదువు చెప్పిన చెడిపోవుదురనియు నను వాదమునకు సమాధానముగా 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను 1901లో ప్రకటించినది. 1905లో చిన్నవయస్సుననే మరణించినది. మార్గములు వేఱు. అచ్చమాంబగారు గొప్ప స్త్రీల చరిత్రములను ప్రోగుచేసి, మేము తక్కువవారము కాము, చూడుఁడనిరి. తారాబాయి, మీ రెక్కువవారని యెవరు తూఁచిరో చూపుఁడనెను. మొదటిది సాక్ష్యము, రెండవది ప్రతిపరీక్ష. వ్యాజ్యము గెలుచుటకు రెండును గావలెను.

నేఁడు మన యిండ్లలో 'ముక్తామాల'కు బదులు దూరదర్శనపు ధారావాహికలును, చలనచిత్రములును వచ్చినవి. కుట్రలు పన్ను అత్త, కన్నీరు గార్చు కోడలు, పరువు కాపాడు మగవాఁడు తెరపై ప్రతి సాయంకాలము కనఁబడుచునే యున్నారు. వెంటఁబడి వేధించిన నాయకుని చివరకు నాయిక ప్రేమించుట నేఁటికిని కొన్ని కథలలో శృంగారమనిపించుకొనుచున్నది. ఇవి చూచి మన యింటి స్త్రీలు, బాలికలు తమ యభిప్రాయము చెప్పుచునే యున్నారు: ఇది యిట్లు జరుగదు, ఆమె యట్లనదు, ఆ దెబ్బ కొట్టినవాఁడు నాయకుఁ డెట్లగునని. ఆ మాటలను మనము వినోదముగాఁ ద్రోసివేయుచున్నాము. కథలు పిల్లల మనస్సులలో ఆశయములు నాటును. ఆశయములు వివాహములలో మొలచును. కాఁబట్టి కథను గూర్చి స్త్రీ చెప్పిన యభిప్రాయము కేవలము కథను గూర్చినది కాదు, తన రేపటి జీవితమును గూర్చినది.

చదువరులకు నా మనవి చిన్నది. మీ యింటిలో పురాణము విని గాని, నాటకము చూచి గాని, సినిమా చూచి గాని, మీ తల్లి, భార్య, కూఁతురు ఒక మాట యన్నప్పుడు దానికి సమాధానము చెప్పుఁడు. ఒప్పుకొనవలెనని లేదు, తగవులాడినను మంచిదే. వీలైనచో ఆ మాటను వ్రాసియుంచుకొనుమని వారికే చెప్పుఁడు, వ్రాయుటకుఁ దీఱిక కలుగునట్లు ఆ పూఁట గిన్నెలు మీరు తోముఁడు. తారాబాయికి సమాధానము చెప్పుటకు తొంబదిమూఁడేండ్లు పట్టినది. మన యింటివారిని అంత కాలము వేచియుండుమనుటకు మనకు హక్కు లేదు.